కిందికొట్టు గోడ మీద పిళ్ళప్ప పేరు

కర్ణాటకలోని చింతామణిలో గోడను నాకి దాని జబ్బు చెప్పగల తాపీపని బేల్దారి ఒక్కడే ఉన్నాడు. ఆయన పేరు పిళ్ళప్ప. వయసు డెబ్బై దాటింది. నోట్లో పళ్ళు పదకొండే మిగిలాయి గాని, మాటలు మాత్రం ఒక్కటీ రాలిపోలేదు.

తడిసిన గోడ ముందు నిలబడితే మొదట అరచేయి ఆనిస్తాడు. తర్వాత ముక్కు ఆనిస్తాడు. చివరికి చుట్టూ ఎవరున్నారని కూడా చూడకుండా నాలుక ఆనిస్తాడు. సబ్బు వాసన వస్తే పక్కింటి స్నానాల గది నీళ్ళు. నీళ్ళలో కలిపే మందు వాసన వస్తే కొళాయి పైపు పగిలినట్టు. ఏ వాసనా లేకుండా నాలుకకు కొంచెం ఉప్పగా తగిలితే అవి భూమిలోంచి వస్తున్న నీళ్ళు. ఆయన భార్య హనుమక్క ఈ విద్యను విద్యగా ఒప్పుకోదు. సాయంత్రం ఆయన గుమ్మంలోకి రాగానే పుక్కిలించి రమ్మంటుంది.

"ఊర్లో గోడలన్నీ నాకొచ్చిన నోరది. కడుక్కోకుండా నా లోటా ముట్టుకోవద్దు."

"అదే నోటితో నలభై ఆరేండ్లుగా నీ వంట బాగుండాదని చెప్తాండా కదే."

"ఆ నాలికకి రుచి తెలీదని నాకు అప్పుడే అనుమానం."

పిళ్ళప్ప పుట్టింది బాగేపల్లి పక్కన ఒక మెట్ట ఊర్లో. నాలుగో తరగతి దాకా కన్నడ బడిలో చదివాడు. ఐదో తరగతిలో లెక్క తప్పు చేసినందుకు మేష్ట్రు గోడకుర్చీ వేయించాడు. వీపు గోడకు ఆనించి గంటసేపు నిలబడ్డాక, ఆ గోడ నిట్టనిలువుగా లేదని ఆ పిల్లవాడి వీపుకు తెలిసిపోయింది. ఆ సంగతి మేష్ట్రుకు చెప్పి, అందుకు ఇంకో గంట నిలబడ్డాడు. మరునాటి నుంచి బడికి పోలేదు. ఇది ఆయన చెప్పే కథ. హనుమక్క చెప్పే కథలో గోడ ఉండదు, లెక్కలు రాక పారిపోవడం ఒక్కటే ఉంటుంది.

పారిపోయిన వాడు మేనమామ వెంట చిక్కబళ్ళాపురం చేరి, సున్నపు గానుగ దగ్గర ఎద్దు తోలే పనిలో కుదిరాడు. ఎద్దు తిరుగుతుంటే వెనక తను తిరగాలి. సున్నమూ ఇసుకా వెన్నలా నలిగేదాకా ఇద్దరికీ సెలవు లేదు. అందులో బెల్లం నీళ్ళు పోయాలి, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు పోయాలి. అట్లా పదేళ్ళు తిరిగి తిరిగి, ఎద్దు ముసలిదయ్యే నాటికి పిళ్ళప్ప బేల్దారి అయ్యాడు. సరిగ్గా అప్పుడే ఊళ్ళలోకి సిమెంటు వచ్చింది. సాయంత్రం పూస్తే పొద్దునకి రాయి. గానుగ లేదు, ఎద్దు లేదు, కరక్కాయ లేదు. కొత్త పెళ్ళికొడుకు అత్తవారి ఊరిని పొగిడినట్టు పొగిడాడు ఆయన సిమెంటును. సున్నం మాట ఎత్తిన వాణ్ణి చూసి జాలిపడేవాడు.

ఆ ఊపులోనే ఒప్పుకున్నాడు తన మొదటి సొంత పని, అక్కయమ్మ వాళ్ళ ఇంట్లో.

చింతామణిలో పాత అంగళ్ళ వీధిలో ఉందా ఇల్లు. తరతరాలుగా చింతపండు వ్యాపారం చేసిన ఇల్లు. హాలు వెనక తలుపు తీస్తే పదకొండు రాతి మెట్లు కిందికి దిగుతాయి. దిగితే నేలమాళిగ. ఇంట్లోవాళ్ళు దాన్ని కిందికొట్టు అంటారు. ఎండాకాలంలో కూడా అక్కడ నిలబడితే భుజాలు చల్లబడతాయి. గింజ తీసిన చింతపండు అక్కడ బానల్లో కూరి పెడితే ఏడాదైనా ఎర్రగానే ఉంటుంది. పిళ్ళప్ప వెళ్ళిన నాటికి ఇంటి పెత్తనం అక్కయమ్మ అత్త చౌడమ్మది. అక్కయమ్మ అప్పుడు కడుపుతో ఉన్న కొత్త కోడలు. పాత గార రాలి చింతపండులో పడుతోందని, గోడలు బాగు చేయమని పిలిచారు.

పిళ్ళప్ప బాగు చేశాడు. నాలుగు గోడలకూ సిమెంటు పూసి, అద్దంలా నునుపు చేసి, వెనక గోడ మీద పచ్చి సిమెంటులో మేకుతో తన పేరు రాశాడు. కన్నడ అక్షరాల్లో 'పిళ్ళప్ప', కింద '1983'. బడి ఆయనకు ఇచ్చిన చదువంతా ఆ ఒక్క గోడ మీద ఖర్చయింది.

ఆ తర్వాత నలభై ఏళ్ళు ఆ గోడే ఆయన సర్టిఫికేటు. కొత్త ఇంటివాళ్ళు పని ఇవ్వడానికి తటపటాయిస్తే, "పోయి అక్కయమ్మ కిందికొట్టు చూసి రాండి. భూమి లోపల ఉండే గోడ. ఒక్క చుక్క కారిందా అడగండి," అనేవాడు. బస్టాండు ఎదుటి టీ అంగడిలో ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో గంగాధరప్పకు తెలుసు. గంగాధరప్ప కూడా బేల్దారే, ఈయన కంటే పదేళ్ళు చిన్న. ఇంట్లో మనవలకైతే అన్నం కలిపి పెట్టినప్పుడల్లా ఆ గోడ ఒక ముద్దగా లోపలికి పోయేది. ఏ ముద్ద దగ్గర గోడ వస్తుందో వాళ్ళకు ముందే తెలిసి, ఆయన కంటే ముందు వాళ్ళే చెప్పేవారు, 'ఒక్క చుక్క!' అని.

అయితే ఆ నలభై ఏళ్ళూ ఆ సీమలో వానలు సరిగ్గా పడలేదన్న సంగతి ఆయన లెక్కలోకి తీసుకోలేదు. బావులు ఎండాయి. బోర్లు వెయ్యి అడుగులు దాటి పోయాయి. చెరువుల్లో పిల్లలు క్రికెట్ ఆడారు. భూమిలోనే నీళ్ళు లేనప్పుడు గోడ ఎక్కణ్ణుంచి కారుతుంది?

ఈమధ్య వానలు వచ్చాయి. ఒక ఏడు కాదు, వరసగా. చెరువులు నిండి, పొర్లి మరవ పారాయి. క్రికెట్ వికెట్లు ఎక్కడ పాతేవాళ్ళో చెప్పడానికి ఆనవాలే లేకుండా పోయింది.

కార్తీకంలో ఒక గురువారం పొద్దున అక్కయమ్మ కొడుకు పురుషోత్తమ్ స్కూటర్ మీద పిళ్ళప్ప ఇంటికి వచ్చాడు. 1983లో అక్కయమ్మ కడుపులో ఉన్నది ఇతనే. ఇప్పుడు బెంగళూరు రోడ్డులో ఫ్యాన్లూ మోటార్లూ అమ్మే అంగడి పెట్టుకున్నాడు.

"పిళ్ళప్పా, మా కిందికొట్టు గోడ కారతాంది."

పిళ్ళప్ప నవ్వాడు. "ఏ గోడప్పా?"

"వెనక గోడ. నీ పేరు ఉండాది చూడు, సరిగ్గా దాని కింద."

పిళ్ళప్ప నవ్వు ఆగింది. లోపల బియ్యం ఏరుతున్న హనుమక్క చేయి కూడా ఆగింది.

పురుషోత్తమ్ చెప్పుకుపోయాడు. ముందు ఎక్కణ్ణుంచో మందు కొట్టేవాళ్ళను పిలిచాడట. వాళ్ళు గోడకు బెజ్జాలు వేసి, పిచికారీతో ఏదో ఎక్కించి పోయారు. ఆరు రోజులు పొడిగా ఉంది. ఏడో రోజు ఇంకో మూల నుంచి నీళ్ళు వచ్చాయి. చింతపండు బానలన్నీ పైన హాల్లోకి చేర్చారు. ఇంట్లో ఎవరు నడవాలన్నా బానలు దాటుకుంటూ నడవాలి.

"నాకు విసుగు పుట్టిందప్పా. సోమవారం మన్ను తోలిస్తాండా. రెండు ట్రాక్టర్లకి చెప్పేసినా. కిందికొట్టు పూడ్చేసి పైన టైల్స్ వేయిస్తా. అమ్మ ఒప్పుకోదు. పైన పెడితే చింతపండు నల్లబడుతుంది, నేనేం చేసేది కూర్చొని అంటాది. ఒకసారి పిళ్ళప్పకి చూపించు, ఆయన కాదంటే నీ ఇష్టమనింది. నువ్వొచ్చి కాదని చెప్పేసి పో."

అతను వెళ్ళాక హనుమక్క చాటలోంచి తల ఎత్తకుండానే అంది, "ఒక్క చుక్కేనా కారింది?"

పిళ్ళప్ప తాపీ, సుత్తి, ఉలి సంచిలో వేసుకున్నాడు.

అక్కయమ్మ ఇంటి హాల్లో బానలు దాటుకుంటూ పోతుంటే ఆయనకు నాలుగు చోట్ల మోకాలు తగిలింది. అక్కయమ్మ ఎదురొచ్చింది. ఇప్పుడామెకు జుట్టంతా తెలుపు. అయినా ప్రతి మాఘ ఫాల్గుణాల్లో చింతపండు కొని, ఆడవాళ్ళను కూర్చోబెట్టి గింజ తీయించి, ఏడాది పొడుగునా దాచి అమ్మే పని మాత్రం కొడుక్కు ఇవ్వలేదు. అది ఆమె సొంతం.

"వచ్చినావా పిళ్ళప్పా. వీడు పూడ్చేస్తానంటాడప్పా. మా అత్త ఇచ్చిన పని నాకిదొక్కటే. దీన్ని పూడ్చినంక నేను హాల్లో కూర్చొని టీవీ చూడాలంట."

"నేనుండానమ్మా. చూస్తా."

కిందికి దిగాడు. తన పేరు చూసుకున్నాడు. అక్షరాలు అట్లాగే ఉన్నాయి గాని, వాటి కింద సిమెంటు కడుపు ఉబ్బినట్టు ఉబ్బింది. అంచుల్లో తెల్లగా ఉప్పులా సౌడు పూసింది. కింద నేల మీద చీలమండ మునిగేటన్ని నీళ్ళు. మూలన నేలలోకి దించిన పాత రాతి తొట్టి ఒకటి ఉంది. ఎందుకుందో ఎవరికీ తెలియదు, అందులో పాత గోనెసంచులు వేసుకుంటారు. సంచులు తేలుతున్నాయి.

అరచేయి, ముక్కు, నాలుక. మెట్ల మీద నుంచి చూస్తున్న పురుషోత్తమ్ ముఖం చిట్లించాడు.

"కొళాయి నీళ్ళు కాదు," అన్నాడు పిళ్ళప్ప. "మీ పెరట్లో బావి ఉండల్ల. ఏదప్పా?"

"అది నేను పుట్టిన నాటికే ఎండిపోయింది. పైన బండ వేసి వాషింగ్ మెషిన్ పెట్టినాం."

ముగ్గురూ పెరట్లోకి వెళ్ళారు. వాషింగ్ మెషిన్ జరిపి, గడారితో బండ ఒక వైపు లేపి, పిళ్ళప్ప ఒక రాయి లోపలికి వదిలాడు. పురుషోత్తమ్ చిన్నప్పుడు ఆ బావిలో వేసిన రాళ్ళన్నీ అడుగున టక్కుమన్నాయి. ఈ రాయి బుడుంగుమంది. అదీ పైనే, చేయి చాచితే అందేంత దగ్గర.

అక్కయమ్మ చేతులు జోడించింది. "గంగమ్మ తల్లీ, ఎన్నాళ్ళకొచ్చినావే."

"తల్లి నేరుగా కిందికొట్లోకే వచ్చిందిలే," అన్నాడు పురుషోత్తమ్. "సోమవారం మన్ను."

"ఇయాళ గురువారమే," అన్నాడు పిళ్ళప్ప. "నాలుగు రోజులుండాది. నీ మన్ను నీది, నా గోడ నాది."

మరునాడు పొద్దున్నే నేల మీది నీళ్ళు తోడించి, తన పేరున్న సిమెంటును తనే కొట్టడం మొదలుపెట్టాడు. పేరు వరకూ పోకుండా పక్కల నుంచి కొట్టాడు, పాయసంలో జీడిపప్పు చివరికి ఉంచుకున్నట్టు. సిమెంటు పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. వెనక పాత రాయి కనిపించింది. రాళ్ళ మధ్య సున్నం ఇంకా పిడికిలి పట్టినట్టు పట్టుకునే ఉంది. నలభై ఏళ్ళ కింద తను జాలిపడిన సున్నమే. పిళ్ళప్ప దాన్ని గోటితో గీకి చూశాడు. గోరు అరిగింది గాని సున్నం అరగలేదు.

పని కిందికి వచ్చేకొద్దీ అక్కయమ్మకు హడావుడి ఎక్కువైంది. పదకొండు మెట్ల పైనుంచి మాటిమాటికీ పిలిచేది.

"పిళ్ళప్పా, కాఫీ పెట్టినా రా!"

"ఇప్పుడే తాగినా గదమ్మా."

"ఇంకోటి తాగు. కింద ఎందుకప్పా కొట్టేది, పైన చూడరాదా? నీళ్ళు పైనుంచే వస్తాయేమో?"

"పైనుంచి వస్తే అది వాన అమ్మా."

మధ్యాహ్నానికి నేల నుంచి జానెడు ఎత్తులో ఉలి ఒకచోట టంగుమనకుండా కరకరమంది. పిళ్ళప్ప వంగి చూశాడు. రెండు రాళ్ళ మధ్య పిడికిలి పట్టేంత గుండ్రటి బొక్క. ఎవరో పనిగట్టుకొని చెక్కిన బొక్క, అంచులు నున్నగా ఉన్నాయి. అందులో సిమెంటు కూరి ఉంది. సిమెంటులో గాజు పెంకులు. ఆకుపచ్చగా, మందంగా. ఉలి మొనతో గీరితే ఒక గోలీ దొర్లి ఆయన అరచేతిలో పడింది.

గోలీ సోడా బుడ్డిలోని గోలీ అది.

పిళ్ళప్ప తడి నేల మీదే కూర్చున్నాడు. ఎలుక బొక్కలు మూయాలంటే గాజు పెంకులు సిమెంటులో కలిపి కూరాలని ఆయనకు నేర్పింది మేనమామ. ఈ ఊర్లో ఆ పని అట్లా చేసేది అప్పట్లో తనొక్కడే. ఇప్పుడు ఆ నున్నటి అంచులు చూస్తే తెలిసిపోయింది. ఎలుక ఇంత గుండ్రంగా చెక్కదు. పాతకాలపు వాళ్ళు నీళ్ళు బయటికి రావడానికే ఆ కన్ను వదిలారు. ఆ కన్ను ముందు మూలన తొట్టి దాకా నేలలో ఒక కాలువ ఉండి ఉంటుంది. దాని మీద కూడా తనే సిమెంటు పరిచాడు. దారి మూసేస్తే నీళ్ళు ఊరుకుంటాయా? గోడ వెనక నిలబడి, నలభై ఏళ్ళు ఓపిక పట్టి, ఇప్పుడు తోసుకొని వచ్చాయి.

పైనుంచి పురుషోత్తమ్ దిగాడు. గాజు పెంకులు చూశాడు.

"ఏంటివి? ఎవరు కుక్కినారు వీటిని?"

పిళ్ళప్ప నోరు తెరిచాడు. తెరిచి, గోలీని గుప్పిట్లో మూసుకున్నాడు.

"నేను చెప్తా," అన్నాడు పురుషోత్తమే. "మా ముత్తాతల కాలంలోనే ఇది కారతాండింది. వాళ్ళే ఇట్ల మూసినారు. వాళ్ళకే చేతకాలేదంటే ఇంక మనకేమవుతుంది? అమ్మా, ఇన్నావా? మన వాళ్ళ కాలం నుంచే ఉండాదంట ఈ రోగం. ఇంక పూడ్చేదే."

మెట్ల పైనుంచి అక్కయమ్మ కాఫీ లోటా తీసుకొని లోపలికి పోయింది. పిళ్ళప్ప గోలీని అంగీ జేబులో వేసుకొని, భోజనానికి ఇంటికి పోయి వస్తానన్నాడు.

దారిలో టీ అంగడి దగ్గర గంగాధరప్ప పట్టుకున్నాడు. "ఏం పిళ్ళప్పన్నా, కిందికొట్టుకి పోతాండావంట? నీ గోడేనంట కదా?"

"పాత ఇల్లప్పా. పాత ఇండ్లకి వంద ఉంటాయి."

"అదీ నిజమే. ముందు కట్టినోళ్ళు ఏం తప్పు చేసినారో ఏమో." గంగాధరప్ప ఆ మాట ఓదార్పుగానే అన్నాడు. పిళ్ళప్పకు అది జేబులోని గోలీ కంటే బరువుగా తగిలింది.

ఇంట్లో పళ్ళెంలో సంగటి ముద్ద ఆరి చల్లారుతున్నా ఆయన తినలేదు. హనుమక్క కాసేపు చూసి, "సంగటి కూడా నాకి చూస్తావా ఏంది?" అంది.

ఆయన గోలీ తీసి పళ్ళెం పక్కన పెట్టాడు. జరిగింది చెప్పాడు.

"నువ్వు చెప్పకపోతే ఏమయితాది?" అంది హనుమక్క.

"ఏమీ కాదు. వాళ్ళ ముత్తాతలు మూసినారని అనుకుంటారు. సోమవారం మన్ను పడుతుంది. నా పేరు కూడా లోపలే ఉంటుంది, ఎవరూ చూడరు."

"చెప్తే?"

"ఆ బొక్క తెరిస్తే చాలని తెలుస్తుంది. కిందికొట్టు నిలబడుతుంది. ఊర్లో నా గోడ పోతుంది."

హనుమక్క గోలీని తీసుకొని పైటకొంగుతో తుడిచింది. "నలభై ఏండ్లుగా ఆ గోడ కథ వినలేక నా చెవులు అరిగినాయి. పోనీలే, ఇంట్లో కొత్త కథ వస్తుంది. తిని పో."

ఆయన తిన్నాడు. తిరిగి అక్కయమ్మ ఇంటికి వెళ్ళేసరికి పురుషోత్తమ్ ఫోనులో ట్రాక్టరువాడితో మాట్లాడుతున్నాడు. అక్కయమ్మ బానల మధ్య పీట మీద కూర్చొని ఉంది. పిళ్ళప్ప బాన మీద గోలీ పెట్టాడు.

"ఆ ఫోను పెట్టెయ్యప్పా. మీ ముత్తాతలు తప్పు చేయలేదు. వాళ్ళు నీళ్ళకి దావ పెట్టినారు. మూసింది నేను. ఎలక బొక్క అనుకొని సోడా బుడ్డి పగలగొట్టి, సిమెంటు కలిపి నేనే కుక్కినా. నీళ్ళ దావ ఎట్ల ఉంటుందో ఎలక బొక్క ఎట్ల ఉంటుందో తెలీని వయసేం కాదు నాది అప్పుడు. సిమెంటు పిచ్చిలో చూడలేదు. తప్పు నాది. ఆ దావ తెరిచి, కాలువ తవ్వి, గోడకి మళ్ళా సున్నమే పెడతా. గోడ ఆరకపోతే అప్పుడు పూడ్చు, నన్ను కూడా దాంట్లోనే వేసి పూడ్చు."

పురుషోత్తమ్ ఫోను చెవి నుంచి దించాడు. తల్లి వైపు చూశాడు.

అక్కయమ్మ గోలీని చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది. ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందని పిళ్ళప్ప భయపడ్డాడు. ఏడవడం లేదు. నవ్వు ఆపుకుంటోంది.

"పిళ్ళప్పా, ఈ సోడా బుడ్డి నీకు ఎవరిచ్చినారో గ్యాపకం లేదా?"

పిళ్ళప్ప ఆలోచించాడు.

"నేనే కదప్పా. అంగడి నుంచి తెప్పించి రెండు బుడ్లు ఇచ్చినా. ఎలకలొస్తాండాయి, గట్టిగా మూసెయ్యి అని చెప్పింది ఎవరు?"

"నువ్వా?"

"నేనే. అది ఎలక బొక్క కాదని నాకు తెలుసు. ఈ ఇంట్లో కోడలిగా అడుగుపెట్టిన మూడో రోజే మా అత్త చూపించింది. వానాకాలమంతా ఆ కంట్లోంచి నీళ్ళొచ్చి తొట్టి నిండుతాంటాయి. పొద్దున్నే కోడలు లేచి, తొట్టి తోడి, పదకొండు మెట్లు ఎక్కి, పెరట్లో పోయల్ల. నలభై కడవలు. ఒక్కో రోజు యాభై. అత్త కూడా ఆమె అత్త కాలంలో తోడిందంట, కాబట్టి నేను తోడల్ల. అప్పుడు వీడు కడుపులో ఉండాడు. కాళ్ళు ఇంతింత లావు వాచినాయి. అత్తకి మోకాళ్ళ నొప్పి, కిందికి దిగేది కాదు. నువ్వొచ్చినావు. మూయించేసినా."

"అమ్మా!" అన్నాడు పురుషోత్తమ్.

"ఏం అమ్మా? నిన్ను మోసేది చాలక నీళ్ళు కూడా మోయల్నా? ఆ తర్వాత ఊరంతా వానల కోసం గంగమ్మకి మొక్కుతాంటే, నేను ఒక్కదాన్నే వెనక నిలబడి, తల్లీ, మా అత్త పోయేదాకా రావద్దని మొక్కినా. ఎవరికీ చెప్పలేదు. ఆ తల్లి నా మాటే ఇనింది అనుకొని నాకు ఎంత భయమో! ఇన్నేండ్ల కరువుకి నేనే కారణమేమోనని."

పిళ్ళప్పకు పొద్దుటి కాఫీలన్నీ ఒకేసారి అర్థమయ్యాయి.

"మరి ఇందాక ఎందుకు చెప్పలేదమ్మా? మీ ముత్తాతల మీద వేస్తాంటే?"

"నువ్వెందుకు చెప్పలేదో అందుకే," అంది అక్కయమ్మ.

పురుషోత్తమ్ బాన మీద కూర్చోబోయి, అది చింతపండని గుర్తొచ్చి నిలబడ్డాడు. "అయితే ఆ ట్రాక్టర్లనేం చేయాలి? సోమవారం వస్తామంటాండారు."

"రానీ," అన్నాడు పిళ్ళప్ప. "పెరట్లో గోడ పక్క పల్లంగా ఉండాది. అక్కడ మన్ను పోసి ఏటవాలు చేస్తే వాన నీళ్ళు గోడ దిక్కుకి రావు. నీ మన్ను కూడా దండగ కాదు."

ఆ సాయంత్రమే బొక్క తెరిచారు. చివరి సిమెంటు ముక్క ఊడగానే ముందు బురద వచ్చింది, తర్వాత తుప్పు రంగు నీళ్ళు, ఆ తర్వాత సన్నటి ధార, అద్దంలా. గోడ మీద మిగతా చోట్ల చెమట పట్టినట్టున్న తడి, ఒక పూటలో వెనక్కి తగ్గడం మొదలైంది. నేల మీది సిమెంటు పగలగొడితే పిళ్ళప్ప అనుకున్నట్టే తొట్టి దాకా రాతి కాలువ బయటపడింది. అక్కయమ్మ మోకాళ్ళు పట్టుకొని పదకొండు మెట్లూ దిగి, బొక్కకు పసుపు రాసి బొట్టు పెట్టి, చాలాసేపు నిలబడింది. తల్లికి చెప్పుకుందో, అత్తకు చెప్పుకుందో తెలియదు.

గోడ పని నెల పట్టింది. గానుగలు ఇప్పుడు లేవు, ఎద్దు అంతకంటే లేదు. పిళ్ళప్ప సున్నాన్ని పెరట్లో వేరే తొట్టిలో నానబెట్టి, ఇసుకతో కలిపి, రోకలితో దంచాడు. బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోసిన రోజు ఇల్లంతా వచ్చిన వాసనకు ఆయన కాసేపు పని ఆపి కూర్చున్నాడు. ఎద్దు పేరు గుర్తొచ్చిందని చెప్పాడు. పేరేమిటని అడిగితే చెప్పలేదు. రాళ్ళ మధ్య సందులు సున్నంతో నింపి, పైన పలచగా గార పూశాడు, గోడ ఊపిరి పీల్చుకోవడానికి వీలుగా. పురుషోత్తమ్ తన అంగడి నుంచి చిన్న మోటారు తెచ్చి తొట్టిలో పెట్టాడు. నీళ్ళు నిండితే తనంతట తనే తోడి పెరట్లో చెట్లకు పోస్తుంది. సంక్రాంతి దాటే నాటికి బానలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. హాల్లో మనుషులు మోకాళ్ళు కొట్టుకోకుండా నడిచారు.

మోటారు వచ్చిన మూడో వారంలో కరెంటు ఒక పూటంతా పోయింది. తొట్టి నిండింది. అక్కయమ్మ చెంబు తీసుకొని తోడడానికి కూర్చుంది. కోడలు రూప సాయానికి వస్తే వద్దంది. "నా మిగతా కడవలు నేనే తోడల్ల. నువ్వు పో," అంది.

టీ అంగడిలో సంగతంతా పిళ్ళప్పే చెప్పాడు, ఎవరూ అడగకముందే. గంగాధరప్ప నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నాడు. "నలభై ఏండ్లు ఒక్క చుక్క కూడా కారలేదని చెప్తివి కదన్నా!"

"అబద్ధమా? కారలేదు కదా. వానలు రాకపోతే ఏ గోడా కారదు, అది నేను కనిపెట్టిన శాస్త్రం," అన్నాడు పిళ్ళప్ప. మరుసటి వారం గంగాధరప్ప తన సొంత పనిలో ఒక తడి గోడ చూడటానికి ఆయన్ను పిలుచుకుపోయాడు. నాలుక ఎక్కడ ఆనించాలో చూపించమన్నాడు.

గోడ పని ముగిసిన చివరి రోజు, పచ్చి గార మీద మేకు అందిస్తూ అక్కయమ్మ అంది, "నీ పేరు రాయప్పా. పాతది నువ్వే పగలగొట్టుకుంటివి."

పిళ్ళప్ప వెనక గోడ ముందు వంగాడు. పేరు ఉన్న చోట కాదు, దానికి చాలా కింద, బొక్క పక్కన. నాలుగో తరగతి కన్నడ అక్షరాల్లో, నిదానంగా, ఒక్కో గీత చూసుకుంటూ రాశాడు. లేచి నడుం పట్టుకొని నిలబడ్డాక పురుషోత్తమ్ సెల్‌ఫోను లైటు వేసి చదివాడు. పేరు లేదు. సంవత్సరమూ లేదు.

'ఇది ఎలక బొక్క కాదు' అని ఉంది.